సరోజక్క నేర్పిన నొప్పులు

ఈ ఉదయం జగిత్యాలలో మైదానం పక్కనుంచి వెళ్తుంటే, కబడ్డీ కోర్టు మీద అప్పుడే నీళ్లు చల్లిన మట్టి వాసన వచ్చింది. నా తొడలు వాటంతట అవే బిగుసుకున్నాయి. నవ్వొచ్చింది. నా ఒంటికి సరోజక్క ఇంకా గుర్తుందన్నమాట.

నేను సిరిసిల్లలో బట్టలు కుట్టే యూనిట్‌లో పనిచేసిన రోజుల్లో ఆమె మా సూపర్‌వైజర్. ముస్తాబాద్ దగ్గరి పల్లెలో పుట్టి, బడిలో కబడ్డీ ఆడి, నలభై దాటినా ఆ పిచ్చి వదలని మనిషి. పొద్దంతా మిషన్ల ముందు కూర్చునే మమ్మల్ని పోగుచేసి సాయంత్రాలు ఆడించేది. పెళ్లయ్యాక నేను మళ్లీ పరుగెత్తింది అప్పుడే. మొదటి రోజు చెమటలు కారుతుంటే చిన్నపిల్లలా నవ్వుకుంటూ ఇంటికి వెళ్లాను.

మర్నాడు ఒళ్లు కొంచెం పట్టేసినట్టు అనిపించింది. ఆ తర్వాతి రోజు ఆదివారం, మంచం మీంచి లేవడమే గగనమైంది. గోడ పట్టుకుని నడుస్తున్న నన్ను చూసి మా అత్తమ్మ, "ఇద్దరు పిల్లల తల్లివి, నీకెందుకే గీ ఆటలు? బంద్ జెయ్యి" అంది. నాకూ మానేద్దామనే ఉంది. అంతలో సరోజక్క వచ్చింది. అత్తమ్మతో వాదించలేదు. నా పక్కన కూర్చుంది.

"యాడ నొస్తుందో ఒక్క వేలుతోని చూపియ్యి."

"ఒక్కతానైతే చూపిద్దునక్కా. తొడలు, పిక్కలు, అన్నీ నొస్తున్నయ్."

"గట్లయితే భయం లేదు. ఒళ్లు కొత్త పని నేర్సుకుంటుంది. ఒక్కతాన పొడిసినట్టు నొస్తె, వాపొస్తె, గది దెబ్బ. దెబ్బ తాకితె నేనే ఆడనియ్య. లే, పండుకుంటె ఇంకింత పట్టేస్తది. మెల్లగ గల్లీ చివరిదాక పోయొద్దాం."

ఆమె భుజం పట్టుకుని ముసలమ్మలా అడుగులేశాను. తిరిగొచ్చేసరికి కాళ్లు కాస్త వదులయ్యాయి. అత్తమ్మ వేడినీళ్లు కాచి ఉంచింది. "పోసుకో. రేపు మల్ల ఉరుకుతవు గద" అంది, నా వైపు చూడకుండానే.

కొన్ని నెలలకు జగిత్యాలలో ఆడవాళ్ల పోటీలు పెట్టారు. కోరుట్ల జట్టుతో ఆడుతుండగా, కూతకు వెళ్లి తిరిగొస్తూ సరోజక్క మోకాలు పట్టుకుంది. అప్పటికి ఆట మాదే.

"జరంత ఓర్సుకో అక్కా, నువ్వు లేకుంటె ఓడిపోతం" అని మావాళ్లు బతిమాలారు.

ఆమె మోకాలి పక్కన వేలు పెట్టింది. "గీడ్నే. గిది ఓర్సుకునేది కాదు" అని గీత దాటి బయటికి వచ్చి, తన స్థానంలో నన్ను పంపింది. ఓడిపోయాం. తిరుగు బస్సులో అందరం ముఖాలు వేలాడేసుకుంటే, ఆమె సీటు మీద కాలు చాపుకుని నేను వేసిన కూతనే మెచ్చుకుంటూ వచ్చింది. ఆ మోకాలు నయం కావడానికి చాలా కాలమే పట్టింది. ఆ తర్వాత మళ్లీ ఆడింది కూడా.

ఇప్పుడు జగిత్యాలలో చిన్న కుట్టు సెంటర్ నడుపుతున్నాను. కొత్తగా చేరినవాళ్లు నడుం పట్టేసిందంటే సాకు అనుకోను. మిషన్ ఆపించి, నేనూ లేచి, వాళ్లతో కాసేపు బయట తిరిగొస్తాను. పని కొంత వెనకబడుతుంది. పడనీ అనుకుంటాను.