నాలుగో బ్లాకు కింది ఇంటి చెమ్మ

ఉద్యోగ విరమణకు నాలుగేళ్ల ముందు, ఒక జూన్ మొదటి వారంలో, సికింద్రాబాద్ నిర్వహణ విభాగానికి డిప్యూటీ ఇంజనీరుగా బదిలీ అయ్యాను. సీతాఫల్‌మండిలో మా శాఖ సిబ్బంది ఉండే క్వార్టర్లు నా పరిధిలోకి వచ్చాయి. నాకు కింద అసిస్టెంట్ ఇంజనీర్లు, అంటే ఏఈలు, పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అంటే ఈఈ. నిర్వహణలో కొత్తగా కట్టేది ఏమీ ఉండదు. కట్టినవాటిని పడిపోకుండా చూడాలి. అందుకే ఆ పోస్టును ఎవరూ కోరుకోరు.

చేరిన వారంలోనే నాలుగో బ్లాకు కింది ఇంటికి వెళ్లవలసి వచ్చింది. అక్కడ మా శాఖ డ్రైవరు నర్సింహ, అతని భార్య, తల్లి ఎల్లమ్మ ఉండేవారు. ఎల్లమ్మకు మోకాళ్లు పనిచేయవు. గడప దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, మోండా మార్కెట్ నుంచి తెచ్చిన కూరగాయలు బాగుచేస్తూ, వచ్చేపోయే వాళ్లందరినీ పలకరించడం ఆమె దినచర్య. నన్నూ ఏఈనీ చూడగానే లోపలికి కేక వేసింది.

"నర్సింహా, సున్నమేసే సార్లు మళ్ల వచ్చిన్రురా. గోడకు తానం పోయిస్తరట."

ఆ వెటకారానికి కారణం ఉంది. ముందు గదిలో బయటి గోడ మోకాలెత్తు వరకు చెమ్మగిల్లి ఉంది. రంగు పొరలుగా లేచి, దాని కింద తెల్లటి ఉప్పు పొడి రాలుతోంది. ముసలావిడ మంచం గది మధ్యకు లాగి ఉంది. కిందటి వానాకాలంలో చెమ్మ మొదలవగానే మా వాళ్లు వచ్చి గోకి, పుట్టీ పట్టించి, డిస్టెంపర్ వేసి వెళ్లారట. నెల తిరగకుండా మళ్లీ చెమ్మ. మళ్లీ వచ్చి మళ్లీ అదే చేశారట. ఆమెకు దగ్గు ఎక్కువైందనీ, ఆస్పత్రిలో డాక్టరు గది మార్చమన్నారనీ నర్సింహ చెప్పాడు.

గోడకు చెమ్మ మూడు దారుల్లో వస్తుంది. పైనుంచి కారుతుంది, బయటి నుంచి వాన కొడుతుంది, లేదా కింది నుంచి నేల పీల్చి పంపుతుంది. పైప్ లీకయితే మరక ఒకచోట గుండ్రంగా మొదలవుతుంది. ఇక్కడ గోడ పొడవునా ఒకే ఎత్తులో గీత గీసినట్టు ఉంది. అది నేల నుంచి ఎక్కే చెమ్మ. అలా ఎక్కకూడదనే పునాదికీ గోడకూ మధ్య చిక్కటి కాంక్రీటు పొర వేసి తారు పూస్తారు. దాన్ని డీపీసీ అంటాం. బయటి నేల ఆ పొరకు కనీసం జానెడు కిందుగా ఉండాలి. అంతకు మించి ఎత్తయితే తడి మట్టి పొరను దాటి నేరుగా గోడను తాకుతుంది.

ఏఈతో చెప్పి బయట ఆవరణలో గోడ వెంట పరిచిన పేవర్ రాళ్లు కొన్ని తీయించాను. ఇసుక, దాని కింద నింపిన మట్టి తీసేసరికి డీపీసీ కనిపించింది, రాళ్ల పైమట్టానికి జానెడు లోతున. పాత ఆవరణ మీదే మట్టి నింపి, గోడలకు ఆనించి, గడపల దాకా రాళ్లు పరిచేశారు. బురద పోయిందని కాలనీ అంతా సంతోషించిందట. రిబ్బన్ కత్తిరించి, స్వీట్లు పంచారట. అది కిందటి వానాకాలానికి ముందు మా ఈఈ చేయించిన పని.

గోడ వెంట రెండడుగుల మేర రాళ్లు తీసి, మట్టి దించి, నీరు పోయేలా కాలువ కట్టాలని నోట్ పెట్టాను. ఫైలు "దయచేసి మాట్లాడండి" అన్న రాతతో తిరిగొచ్చింది. ఆఫీసులో ఆ రాతకు అర్థం, ఇక కాగితం మీద ఏమీ రాయవద్దని.

వెళ్లి మాట్లాడాను. ఈఈ నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. పేవర్ల పనికి కాంట్రాక్టరు హామీ గడువు ఇంకా నడుస్తోందని, ఇప్పుడు తీస్తే మట్టాలు ఎవరు ఖాయం చేశారన్న ప్రశ్న వస్తుందని చెప్పాడు.

"పీకితే ఎందుకు పీకారని అడుగుతారు. పీకకపోతే ఎవరూ అడగరు. ఇన్నేళ్ల సర్వీసులో మీకు తెలీదా అండీ? లోపల టైల్స్ వేయించండి. వాళ్లూ ఖుష్ అవుతారు."

నిజంగానే ఖుషీ అయ్యారు. నడుమెత్తు దాకా తెల్లటి టైల్స్ వేశాక పక్క బ్లాకుల వాళ్లు వచ్చి చూసి, మాకూ వేయించమని దరఖాస్తులు ఇచ్చారు.

"హోటల్ లెక్క చేసిన్రు సారూ, ఇగ ఇరానీ చాయ్ సుత పంపున్రి" అంది ఎల్లమ్మ.

మంచం మాత్రం గోడకు దూరంగానే ఉంచమన్నాను. టైల్ నీటిని ఆపదు, అక్కడ బయటికి రానివ్వదు అంతే, అది పైకి దారి వెతుక్కుంటుందని చెప్పాను. ఆమె నవ్వేసింది. ఆ సాయంత్రం డైరీలో "వచ్చే వానాకాలం టైల్స్ పైన చూడాలి" అని రాసుకున్నాను.

చూడటానికి ప్రత్యేకంగా వెళ్లే పని పడలేదు. మరుసటి ఏడు ఆగస్టులో నర్సింహ భార్యకు స్విచ్ బోర్డు దగ్గర షాక్ కొట్టింది. చెమ్మ టైల్స్ దాటి భుజాలెత్తుకు చేరి, బోర్డు పెట్టెలోకి దిగింది. అదృష్టవశాత్తూ ఆమెకు ఏమీ కాలేదు. కరెంటు ప్రమాదం ఉంటే ఇంటిని నివాసయోగ్యం కాదని ప్రకటించి ఖాళీ చేయించాలన్నది నియమం. ఆ నివేదికలో కారణం అన్నచోట నేను పేవర్ల మట్టం అని రాశాను. ఈఈ నుంచి పైకి వెళ్లిన తుది నివేదికలో కారణం మారింది. ఇంట్లో వాళ్లు నేల మీద నీళ్లు ఎక్కువగా పోసి కడుగుతారని ఉంది. దానికి నర్సింహ సంతకం చేసిన వాంగ్మూలం జతపరిచారు.

అతన్ని పిలిపించాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అట్ల రాసియ్యకుంటే వేరే ఇల్లు సుత రాదన్నరు సార్. రాసిచ్చిన."

"నేను రాసింది నీకు తెలుసు కదా" అన్నాను.

"తెలుసు సార్. మీరు రాసింది నిజమే. నిజం రాస్తే గోడ ఆరలే కద."

కింది అంతస్తులో ఇంకో ఇల్లు లేదా, అమ్మకు మెట్లు ఎక్కుడు అయితలేదని అడిగాడు. ఆ పూటే రిజిస్టరు తెప్పించి చూశాను. ఖాళీగా ఉన్నది ఆరో బ్లాకు మూడో అంతస్తు ఒక్కటే. పరస్పర మార్పిడికి కింది ఇళ్లవాళ్లను స్వయంగా అడిగాను. ఎవరూ ఒప్పుకోలేదు. వాళ్లను తప్పుపట్టలేం. వాళ్ల ఇళ్లలోనూ ముసలివాళ్లున్నారు.

ఇల్లు మారే రోజు నేను వెళ్లాను. ఎల్లమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు డ్రైవర్లు మెట్ల మలుపుల దగ్గర ఆగుతూ మోశారు. మొదటి మలుపు దగ్గర ఆమె నన్ను చూసి కుర్చీ ఆపించింది.

"నన్ను మూడంతస్తులు ఎక్కిస్తున్రు గని సారూ, గా రాళ్లను జానెడు దించలేకపోయిన్రు."

మోసేవాళ్లలో ఒకరు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ తర్వాత నేను అక్కడ పనిచేసినంత కాలం ఆమె కిందికి దిగడం చూడలేదు. ఈఈకి పదోన్నతి వచ్చింది. దరఖాస్తులు ఇచ్చిన మిగతా కింది ఇళ్లకూ టైల్స్ మంజూరయ్యాయి.

చెమ్మ గురించి ఇప్పటికీ తెలిసినవాళ్లు నన్ను సలహా అడుగుతుంటారు. రంగులు, రసాయనాలు, టైల్స్ గురించి ఆలోచించే ముందు బయటి నేల మట్టం చూడమంటాను. దాన్ని ఎత్తు చేసినవారు ఇంకా అధికారంలో ఉన్నారేమో కూడా కనుక్కోమంటాను. ఉంటే మరమ్మతు కోసం ఆగకుండా, మెట్లెక్కలేనివాళ్ల కోసం పొడిగా ఉన్న కింది అంతస్తు ఇల్లు ఇంకొకటి ముందే వెతుక్కోవడం మంచిది.