పైగొట్టం మీద పట్టు

బేరూత్‌కి ఎగువన కొండల్లో ఉన్న హస్రూన్‌లో సైకిళ్ళు బాగుచేసే తన్నూస్‌ని ఊరివాళ్ళు ఏడిపించేవారు. "మేస్త్రీ బోల్టు బిగించడు, కుంకుమపువ్వు తూస్తాడు" అని నవ్వేవారు.

నిజమే. బిగువు కొలిచే రెంచి లేకుండా ఆయన చిన్న మర కూడా తిప్పడు. తేలికైన కార్బన్ నారతో చేసిన ఫ్రేము వస్తే గొట్టం పొడుగునా నాణెంతో తట్టి, చెవి ఆనించి వింటాడు. ఎక్కడైనా మొద్దుగా పలికిందా, లోపల పగులున్నట్టే, ఎంత బతిమాలినా ఆ బండి ముట్టుకోడు. సీటు గొట్టానికి గ్రీజు రాయనివ్వడు. ఇసుక పలుకులు కలిసిన పేస్టు పూస్తాడు, తక్కువ బిగువుకే జారకుండా నిలుస్తుందని. "మనిషి ప్రాణం దీని మీద కూర్చుంటుంది" అంటాడు. అంతకు మించి చెప్పడు.

మొదట్లో ఇలా ఉండేవాడు కాదు. ఇరవై ఏళ్ళు ట్రాక్టర్లు, లారీలు విప్పి బిగించిన చెయ్యి. ఇనుముకు ఎంత పట్టు కావాలో ఆ చేతికే తెలుసునని గర్వం. కొండదారుల్లో సైకిళ్ళు తొక్కే సరదా ఊళ్ళోకి వచ్చాక ఆయన మరమ్మతు కొట్టే సైకిళ్ళ కొట్టయింది.

యాపిల్ తోటలు పూతకొచ్చిన రోజుల్లో ఒకసారి సర్కీస్ అనే కుర్రవాడు కొత్త కార్బన్ ఫ్రేము తెచ్చాడు. పాత బండి సామానంతా దానికి ఎక్కించమన్నాడు. తన్నూస్ ఇనప బండిని పట్టించినట్టే సీటు నుంచి హ్యాండిల్ దాకా ఉండే దాని పైగొట్టాన్ని, బండిని ఎత్తి పట్టే స్టాండు దవడల మధ్య పెట్టి పిడి తిప్పాడు. టిక్. ఎండుపుల్ల విరిగినంత చప్పుడు. వంగి చూస్తే రంగు మీద గీత కూడా లేదు.

"ఏదో అంది మేస్త్రీ?" అన్నాడు సర్కీస్.

"కొత్తది కదరా, సర్దుకుంటోంది."

మూడో వారం ఊరి కింది కదీషా లోయలోకి దిగే దారిలో సర్కీస్ పడి చనిపోయాడు. బండి రెండు ముక్కలై దొరికింది. రాయికి కొట్టుకుందన్నారు అందరూ. తన్నూస్ శవపేటిక మోశాడు, చావింట్లో ఇచ్చే చేదు కాఫీ తాగాడు, నోరు విప్పలేదు. ఫ్రేము విరిగింది సరిగ్గా దవడలు పట్టిన చోటేనని ఆయనొక్కడే గుర్తుపట్టాడు.

తర్వాత బేరూత్ వెళ్ళి పని మళ్ళీ మొదటినుంచీ నేర్చుకున్నాడు. కార్బన్ గొట్టాన్ని పక్కలనుంచి నొక్కితే పైకి కనపడకుండా లోపలే చిట్లుతుందని అక్కడ చెప్పారు. కొత్త రెంచి తెచ్చుకున్నాడు. కావలసిన బిగువు రాగానే అది చిన్నగా పలుకుతుంది. టిక్. అదే చప్పుడు. రోజుకు ముప్ఫైసార్లు వినాలి. ప్రతిసారీ మెడ వెనక ఎవరో నిలబడి "ఏదో అంది మేస్త్రీ" అన్నట్టుండేది. తిరిగి చూస్తే వాకిట్లో ఎండ తప్ప ఏమీ ఉండేది కాదు. ఇంట్లో పొయ్యి చల్లారుతూ చిటుక్కుమన్నా, భార్య అక్రోటుకాయలు పగలగొట్టినా అంతే, ఉలిక్కిపడేవాడు. ఆమె ఏమీ అడగకుండానే అక్రోట్లు ఇంటికి తేవడం మానేసింది.

నాలుగేళ్ళు అలా గడిచాక, నిరుడు వసంతంలో సర్కీస్ చెల్లెలు నవాల్ వచ్చింది. చంకలో కార్బన్ ఫ్రేము, భుజాన సామాన్ల సంచి.

"అన్నయ్య పడ్డ దారినే దిగుతాను మేస్త్రీ. దాన్ని దెయ్యం దారంటున్నారు, వినలేకపోతున్నాను. బండి నువ్వే కట్టాలి. అన్నయ్యకి నీ చేతి మీదే గురి."

తన్నూస్ బల్ల మీద దుప్పటి పరిచి ఫ్రేమును పడుకోబెట్టాడు. నాణెం తీశాడు గాని తట్టలేకపోయాడు.

"ఇంకో మేస్త్రీని చూపిస్తానమ్మా."

"ఎందుకూ?"

చెప్పేశాడు. దవడలు, చప్పుడు, ఆ రోజు తానాడిన మాట, అన్నీ.

నవాల్ భుజాన సంచి దించి బల్ల కింద పెట్టింది. "ఇది అమ్మకి చెప్పు. ఇప్పుడే పద" అంది.

తల్లి ఉమ్ సర్కీస్ వాకిట్లో కూర్చుని ద్రాక్షాకుల్లో బియ్యం చుడుతోంది. తన్నూస్ నిలబడే చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు. అంతా విన్నాక తలెత్తింది.

"నాలుగేళ్ళుగా నేనొక రాయిని తిట్టుకుంటున్నాను తన్నూస్. దాని మీద ఉమ్మేసి కూడా వచ్చాను. నువ్వేమో ప్రతి ఈస్టరుకీ వచ్చి నా చేతి కాఫీ తాగిపోయావు."

"వదినా..."

"వదినా అనకు. ఇక నా గడప తొక్కకు." కూతురి వైపు తిరిగింది. "నీ బండి మటుకు ఇతనే కట్టాలి. ఇంకొకడికి ఇంత భయం ఉండదు."

ఆ మధ్యాహ్నం నవాల్ బల్ల పక్కనే నిలబడి ఏ బోల్టుకు ఎంత బిగువో ఫ్రేము మీద అచ్చేసిన అంకెలు చదివింది. "ఇక్కడ ఐదు." "ఐదు" అని ఆయన తిరిగి చెప్పి రెంచి తిప్పేవాడు. హ్యాండిల్ బోల్టులు నాలుగూ ఎదురెదురుగా, కాస్త కాస్తగా బిగించాడు. స్టాండుకెత్తినప్పుడు సీటు గొట్టం తప్ప మరేదీ పట్టించలేదు. పొద్దువాలేసరికి బండి సిద్ధమైంది.

మర్నాడు తన్నూస్ లోయ అడుగున నిలుచున్నాడు. పైన ఎక్కడో రాళ్ళు దొర్లాయి. తర్వాత చప్పుడు లేదు. దారి ఎక్కి పరుగెత్తబోయాడు. అప్పుడు మలుపులోంచి నవాల్ వచ్చింది, మోకాళ్ళదాకా మట్టి. ఆగకుండా ఆయన ముందునుంచే వెళ్ళిపోయింది.

ఇప్పటికీ నెలకోసారి బండి తెస్తుంది. పలకరింపు ఉండదు. అంకెలు చదివి, పని అయ్యాక తీసుకుపోతుంది. తన్నూస్ మళ్ళీ ఆ గడపదాకా వెళ్ళలేదు. ఉమ్ సర్కీస్ పిలవనూ లేదు.