కామా తర్వాత ఎవరు?

జంగారెడ్డిగూడెంలో మా ఇంటి వెనక పామాయిల్ తోట ఉంది. మధ్యాహ్నం గాలి లేస్తే మట్టలు ఒకదానికొకటి రాసుకుంటాయి. నిద్రమత్తులో ఆ చప్పుడు వింటుంటే అలలు వస్తున్నట్టే ఉంటుంది. ఉప్పాడలో మా బడి, ఆ బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన సువార్తమ్మ టీచరు మెల్లగా కళ్ల ముందుకొస్తారు. సన్నటి మనిషి. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే వ్యాకరణమూ చెప్పేవారు. ఎక్కడా తొందర ఉండేది కాదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక తుఫానుకు మా ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. పెద్దమ్మ వాళ్లింటికి చేరాం. అమ్మ, నాన్న, నేను, ఎవరమూ ఆ ఊసు ఎత్తేవాళ్లం కాదు. బడికైతే వెళ్లేదాన్ని గానీ, నా నోట మాట వచ్చేది కాదు.

ఆ రోజుల్లోనే టీచరు పార్టిసిపుల్ ఫ్రేజులు మొదలుపెట్టారు. క్రియకు ఐఎన్‌జీ చేర్చి, ఆ ముక్కను వాక్యం ముందు ఉంచి, కామా పెట్టాలి. తలా ఒక వాక్యం చెప్పమన్నారు. నా వంతు వచ్చేసరికి, అనుకోకుండానే వచ్చేసింది: "వాచింగ్ ది సీ, అవర్ హౌస్ ఫెల్ డౌన్."

టీచరు నా బెంచీ దగ్గరకొచ్చారు. "కామా తర్వాత ఎవరుంటే ఆ పని వాళ్లదే అవుద్దమ్మా. నువ్వు చెప్పినదాంట్లో సముద్రాన్ని చూస్తున్నది ఇల్లు."

"తెలుగులో 'చూస్తుండగానే కూలిపోయింది' అంటాం కదండీ?"

"అంటాం. ఎవరు చూశారో మనకి తెలిసిపోద్ది. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. చూసిందెవరు మరి?"

చాలాసేపు ఆలోచించాను. మా గుమ్మం సముద్రం వైపే ఉండేది. "ఇల్లేనండి," అన్నాను. "ఎప్పుడూ అటే చూస్తా ఉండేదండి."

"అయితే నీ వాక్యం తప్పు కాదు," అన్నారావిడ. "మరి అప్పుడు నువ్వేం చేస్తున్నావమ్మా?"

"అమ్మ చెయ్యి పట్టుకున్నానండి."

"అది కూడా ఇంగ్లీషులో చెప్పు."

"హోల్డింగ్ మై మదర్స్ హ్యాండ్, ఐ..." అన్నాను. ఆపైన క్రియ రాలేదు, ఏడుపొచ్చింది. ఇల్లు పోయాక నేను ఏడవడం అదే మొదలు. టీచరు నా తలను తనకు ఆనించుకుని నిలబడ్డారు. బెల్లు కొట్టినా కదల్లేదు.

ఆ సాయంత్రం అమ్మ దగ్గర ఇంటి మాట ఎత్తాను. అమ్మ దానికోసమే కాచుకున్నట్టు, వంటింటి గూటి దగ్గర్నుంచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. నాన్న కూడా వచ్చి మా పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు నేనూ ఇంగ్లీషే చెబుతున్నాను. పిల్లల వాక్యాల్లో పని ఒకరిది, పేరు ఇంకొకరిది అయినప్పుడు వెంటనే దిద్దబుద్ధి కాదు. ముందు ఆ పిల్ల పక్కన కూర్చుని, ఏం జరిగిందో చెప్పమంటాను.