బుట్టల మీద పసుపునీళ్ళు

గూడూరు నిమ్మకాయల మండీలో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో కాయలు తాటాకు బుట్టల్లో మద్రాసుకు రైలెక్కేవి. ఆ బుట్టలు సముద్రం వైపు ఒక పల్లె నుంచి వచ్చేవి. అల్లేవాళ్ళు క్రైస్తవులు. సొంత ప్రార్థన మందిరం కట్టుకున్నా ఊరి దృష్టిలో అంటరానివాళ్ళే. అందుకే బుట్టలు దిగగానే మా సావుకారు వాటి మీద పసుపునీళ్ళు చల్లించి, ఆ తడి ఆరకముందే కాయలు పోయించేవాడు. ఈ నిర్వాకానికి శుద్ధి అని పేరు.

ఒక్క ప్రయాణానికే బుట్టను పారేయడం నాకు నచ్చేది కాదు. బుట్టలు తెచ్చే అక్కతో మాట్లాడి అడుగు రెండు పొరలుగా, అంచు ఈనెలతో గట్టిగా అల్లించాను. ఖాళీ బుట్టలు తిరుగు రైల్లో వచ్చేట్టు ఏర్పాటు చేశాను. వచ్చాయి, నల్లగా బూజు పట్టి. కాయలూ కుళ్ళాయని మద్రాసు నుంచి కబురు.

"ఆ బుట్టలు ఇంక చాలించు. చెక్కపెట్టెలు చేయిస్తా" అన్నాడు సావుకారు.

అంటే పల్లెకు పని పోతుంది. పెట్టెల కోసం చెట్లు కూలతాయి. తాటిచెట్టయితే ఆకు కోసినా మళ్ళీ వేస్తుంది.

"కుళ్ళబెట్టింది బుట్ట కాదు, మీ శుద్ధి" అన్నాను. "అడుగు ఇప్పుడు రెండు పొరలు, తడి పట్టుకుంటుంది. అది ఆరకముందే మూతేసి కుట్టేస్తే బూజు పట్టదా?"

"ఏందయ్యా, అంటరానితనం పోవాలని నాలుగు సభల్లో మాట్లాడేసరికి ఆచారం కూడా నీకు కుళ్ళిపోయినట్టుందే?"

"వాసనొస్తా ఉంటే ముక్కు మూసుకోమంటారా?"

హమాలీలు నవ్వారు. సావుకారు నవ్వలేదు. నేనూ తగ్గలేదు.

"సగం బుట్టలకు చల్లండి, సగం వదిలేయండి. ఒకే రైల్లో పంపుదాం. పొడి బుట్టలో కాయ చెడితే నన్ను పనిలోంచి తీసేయండి."

సావుకారు ఒప్పుకున్నాడు. పొడివాటికి ఎర్రదారం కట్టి పంపాను. ఆ దారం ఉన్న బుట్టలు శుభ్రంగా తిరిగొచ్చాయి. వాటిలోని కాయలూ బాగున్నాయని కబురొచ్చింది. తడిపినవాటికి మళ్ళీ బూజే.

సావుకారు ఒక బుట్టను తిప్పి తిప్పి చూశాడు. "సరే, నీళ్ళు చల్లి ఎండబెడదాం."

కొత్త బుట్టలతో వచ్చిన అక్క, సావుకారు చేతిలో పసుపునీళ్ళ చెంబు చూసి తలమీది కట్ట దించలేదు. "చల్లేదుంటే ముందే చెప్పండి సామీ, ఇట్నే ఎనక్కి ఎత్తుకుపోతా. నా చెయ్యి మీకు మైలయితే, మీ చెంబు నా బుట్టకు మైల."

రైలుకు వేళవుతోంది. కాయలు రాశిగా పడి ఉన్నాయి. సావుకారు చెంబు పక్కన పెట్టాడు.

"దించమ్మా. మనసులోనే చల్లుకుంటాలే."

"ఎన్నైనా చల్లుకోండి సామీ. కాయలకు తగలకుండా చూసుకోండి."

ఆ బుట్టలు తర్వాత చాలాసార్లు మద్రాసు చూసి వచ్చాయి. మనసులో చల్లుకునే ఆ నీళ్ళతో మాత్రం నేను రాజీపడలేదు. పడను.