సీతాఫలం రెమ్మ

ఆ రోజు పెనుకొండ కొండదారిలో రెమ్మను మార్చింది నేనే. సీతాఫలం ఆకు నలిగిన వాసనకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

వారం వారం కొండకు పోయేటప్పుడు దారి చీలినచోట, ముందు నడిచేవాళ్లు పోకూడని వైపు సీతాఫలం పచ్చిరెమ్మ అడ్డం వేసేవారు. వెనక మెల్లగా వచ్చే మా అవ్వ ఆ పని చిన్నాన్న కొడుకు ఓబులేసుకే అప్పగించేది.

"నేనేస్తానవ్వా" అంటే, "నీకు దావ యాడ తెలుసబ్బా? వానెంబడి పో" అని నవ్వింది.

కడుపు మండింది. ఓబులేసు ముందుకు పోగానే రెమ్మను మంచిదారికి అడ్డం లాగాను. అవ్వ ముళ్లదారి పట్టి, కాళ్లు గీరుకుని వచ్చి, ఓబులేసును తిట్టింది. 

మరుసటి వారం అవ్వ రెమ్మ తుంచి నాకిచ్చి, "ఇంక నువ్వెయ్యి నాయనా" అంది. కోరుకున్నదే దొరికినా, అవ్వ కాళ్ల మీది గీతల వైపే చూశాను. జరిగింది చెప్పేసి, రెమ్మ ఓబులేసు చేతిలో పెట్టాను. అవ్వ చెయ్యి పట్టుకుని వెనకే నడిచాను.