లాంచీలో అమ్మకు తల తిరిగింది

ఆ రోజుల్లో నాకు నీళ్లంటే భయం, మనుషులంటే అంతకంటే భయం. వయసుతో మొదటిది కాస్త తగ్గింది. పుట్టి పెరిగింది కలకత్తా ఖిదిర్‌పూర్‌లో. ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే ఓడలు కనబడేవి. అయినా ఇరవై నాలుగేళ్లు వచ్చేదాకా నేను ఎక్కింది హౌరా స్టేషన్‌కి వెళ్లే ఫెర్రీ ఒక్కటే. అదీ అమ్మ చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని. (అమ్మ కూడా కళ్లు మూసుకునేదని తర్వాత తెలిసింది. ఇద్దరిలో ఎవరు ఎవరిని దాటించారో చెప్పడం కష్టం.) అలాంటి నేను మూడు రోజుల సుందర్‌బన్ లాంచీ యాత్రకు ఒంటరిగా బయలుదేరాను. ధైర్యం వచ్చి కాదు. టికెట్లు రెండు అప్పటికే కొనేసి ఉన్నాను.

అమ్మ కార్పొరేషన్‌లో ఊడ్పు పని చేసేది. భవానీపూర్ గల్లీలు ఆవిడవి. రిటైరయ్యాక ఏం కావాలని అడిగితే, చాలాసేపు ఆలోచించి, “పెద్ద లాంచీలో కూకుంటాను. ఎవులో టీ అట్టుకొచ్చి ఇత్తారు. నాను తాగుతాను. అంతే” అంది. నాకు అప్పుడే సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. వెంటనే రెండు టికెట్లు కొన్నాను. రిటైర్మెంటుకు ఆరు వారాలు ఉందనగా అమ్మ చనిపోయింది. ఈ వాక్యం ఇప్పుడు తేలిగ్గా రాశాను. ఆ తర్వాతి నాలుగు నెలల్లో నేను దీన్ని ఒక్కసారి కూడా నోటితో అనలేదు. బంధువులకు చిన్నాన్న చెప్పాడు, ఆఫీసులో ఎవరూ అడగలేదు. లాంచీ వాళ్లకు ఫోన్ చేసి ఒక టికెట్ రద్దు చేయించవచ్చు. కానీ ఎందుకు రావడం లేదని అడుగుతారు. అడుగుతారని చెయ్యలేదు.

చిన్నాన్న డాక్‌లో బస్తాలు మోసేవాడు. మన తెలుగు వైపు సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చినవాడు కనుక, నీళ్ల మీద నడిచే ప్రతిదాని గురించీ తనకు తెలుసని ఆయన నమ్మకం. నేను సంచి సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడ్డాడు. “ఏటమ్మీ, ఏడాది తిరక్కుండా పడవెక్కుతావేటి?” అన్నాడు. “అమ్మ కోసం కొన్నదే కదా, సిన్నాన్నా” అన్నాను. ఆయన, “సర్లే, ఎల్తే ఎల్లు గానీ ఒక మాట ఇను. పడవ మీద సావు మాట ఎత్తకు. గంగమ్మ ఇంటాది. నువ్వు మైలలో ఉన్నావని తెలిసిందంటే, పడవ నడిపే సారంగు నిన్ను ఏ బురదలోనో దింపీసి ఎలిపోతాడు. ఎవులేటడిగినా అమ్మ బాగుందను” అన్నాడు. “బాగుందనా?” అన్నాను. “మరేటంటావు?” అన్నాడు ఆయన.

జెట్టీ దగ్గర కాగితం పట్టుకున్న మనిషి తల ఎత్తకుండానే రెండు పేర్లకూ టిక్కు పెట్టాడు. నేనేమీ అనలేదు. ఏమీ అనకపోవడం నాకు బాగా వచ్చిన విద్య. ఎక్కగానే లైఫ్ జాకెట్ తగిలించుకున్నాను. “అది ప్రమాదం వచ్చినప్పుడు, దీదీ” అన్నాడు టీలు ఇచ్చే దాదా. దానికి ఎన్ని ముళ్లు వెయ్యాలో నేను చూసుకున్నాను. ప్రమాదం అంతసేపు ఆగుతుందన్న నమ్మకం నాకు కలగలేదు. ఒడ్డు దూరమయ్యాక టీ దాదా రెండు కప్పులతో వచ్చాడు. “మాశీమా ఏరీ?” అన్నాడు. (బెంగాలీలో అమ్మ వయసు ఆడవాళ్లందరూ మాశీమాలే.) కింద బురద రంగు నీళ్లు. చిన్నాన్న మాట గుర్తొచ్చింది. “లోపల పడుకుంది. తల తిరుగుతోంది” అన్నాను. రెండు టీలూ నేనే తాగాను.

మధ్యాహ్నానికి లాంచీ అంతటికీ తెలిసిపోయింది. బెంగాలీలు ఆరోగ్యం మంచిగా ఉన్నవాళ్లను పెద్దగా పట్టించుకోరు. జబ్బు మనిషి దొరికితే మాత్రం వదలరు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒకాయన (ఆయన్ని అందరూ హోమియో కాకూ, అంటే హోమియో బాబాయి, అనేవారు) చిన్న సీసా తెచ్చి, “నాలుక కింద నాలుగు. అరగంట మాట్లాడకూడదు” అన్నాడు. వంటవాడు మిరియాల సూపు పంపాడు. భవానీపూర్ నుంచి వచ్చిన ఒక మాశీమా తన సొంత శాలువా ఇచ్చింది. మాత్రలు నేనే వేసుకున్నాను, సూపు నేనే తాగాను, శాలువా నేనే కప్పుకున్నాను. నా జీవితంలో అంత ఆరోగ్యంగా నేనెప్పుడూ లేను. ఇంతమందిలో ఒక్కరు కూడా నువ్వెలా ఉన్నావని నన్ను అడగలేదు. అమ్మ ఆసుపత్రి వరండాలో చాప మీద తొమ్మిది రోజులు పడుకుంది. అప్పుడు సూపు ఎవరూ పంపలేదు. లేని మనిషికి మాత్రం లాంచీ నిండా బంధువులు.

సాయంత్రం మాశీమా స్వయంగా కేబిన్ తలుపు దాకా వచ్చింది. ఒక్కసారి చూసి వెళ్తానంది. నేను తలుపు కొంచెం తెరిచి, లోపలికి తల పెట్టి, ఖాళీ మంచాన్ని చూసి తెలుగులో, “అమ్మా, టీ తాగుతావేటి?” అన్నాను. ఆవిడ నమ్మాలని గట్టిగానే అన్నాను. అన్నాక ఒక్క క్షణం ఆగాను, జవాబు కోసం ఆగినట్టు. నాలుగు నెలల తర్వాత ‘అమ్మా’ అని పిలవడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఇంకేం తోచక నేనే దగ్గాను. అమ్మ దగ్గు పొడిగా, రెండు విడతలుగా ఉండేది. రోడ్డు దుమ్ము దగ్గు. అచ్చం అలాగే వచ్చింది. “పాపం, ఎంత నీరసంగా ఉందో” అని మాశీమా వెళ్లిపోయింది.

భోజనాల దగ్గర ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. ఊరి సంగతులు మాట్లాడుతూ భవానీపూర్ పాడైపోయిందని చెప్పింది. “మా గల్లీ అద్దంలా ఉండేది. ఒక మద్రాసీ మనిషి ఊడ్చేది. నాలుగైదు నెలలుగా రావడం లేదు. ఇప్పుడొచ్చేవాడు సగం ఊడ్చి సగం మా గుమ్మంలో వదిలేస్తాడు.” (కలకత్తాలో మనందరం మద్రాసీలమే.) “ఆవిడ పేరేమిటి మాశీమా?” అన్నాను. “పేరా? పేరెవరికి తెలుసమ్మా. వచ్చేది, ఊడ్చేది, వెళ్లేది” అంటూ, చేపముల్లు తీసి, మెత్తని ముక్కను అమ్మ కోసం వేరే గిన్నెలో పెట్టింది. భవానీపూర్‌లో గల్లీలు చాలా ఉన్నాయి. ఊడ్చే మనవాళ్లూ చాలామందే ఉన్నారు. ఏ గల్లీ అని నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ చేపముక్క తినలేకపోయేదాన్ని. తిన్నాను.

రెండో రోజు పొద్దున అడవి మొదలయ్యే చోట లాంచీని ఆపారు. ఫారెస్టు గార్డు జాబితాతో ఎక్కి, అందరినీ డెక్కు మీద నిలబెట్టి లెక్కపెట్టాడు. పేర్లు ఇరవై రెండు, తలలు ఇరవై ఒకటి. పులులున్న అడవిలో అది చిన్న విషయం కాదని నాకు అప్పటిదాకా తట్టలేదు. “ఒక మాశీమాకు ఒంట్లో బాగాలేదు, లోపలుంది” అన్నాడు టీ దాదా. “ముఖం చూడాలి” అన్నాడు గార్డు. నేను కదిలేలోగా భవానీపూర్ మాశీమా, “నేను లేపుతాను, మెల్లగా లేపాలి” అంటూ వెళ్లి తలుపు తోసింది. “ఏ కీ! ఇదేమిటి, ఎవరూ లేరు!” అని అరిచింది.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. నీళ్లలో పడిపోయిందని ఒకరు, తల తిరిగే మనిషిని ఒంటరిగా వదిలేస్తారా అని ఇంకొకరు. హోమియో కాకూ తెల్లబోయి, “నాలుగే వేశావా? నాలుగే కదా చెప్పాను?” అని నన్ను పదేపదే అడిగాడు. ఇద్దరు మనుషులు పొడుగాటి గెడలు తీసుకుని నీళ్లు కెలకడం మొదలుపెట్టారు. గార్డు ఒడ్డు మీది పొదల వైపు చూసి, లాంచీని రాత్రి ఎక్కడ ఆపారని సారంగును అడిగాడు. సారంగు ముసలివాడు. ప్రయాణికురాలు పోయిందంటే ఆయన లైసెన్సు పోతుంది. నా దగ్గరికి వచ్చి, చాలా నెమ్మదిగా అడిగాడు. “అమ్మను ఆఖరిసారి ఎప్పుడు చూశావు, తల్లీ?”

“నాలుగు నెలల కిందట. ఆసుపత్రిలో” అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు ఆ మాట అన్నాను. “మా అమ్మ చనిపోయింది.” బెంగాలీలో అన్నాను. తెలుగులో అయితే అనగలిగేదాన్ని కానేమో.

గెడలు ఆగాయి. సారంగు నన్ను బురదలో దింపలేదు. గట్టిగా ఊపిరి వదిలి, “ఎక్కేటప్పుడే చెప్పవచ్చు కదా” అన్నాడు. పడవ మీద చావు మాట ఎత్తకూడదని చిన్నాన్న చెప్పాడన్నాను. “ఆయన ఏ పడవ నడుపుతాడు?” “నడపడు. బస్తాలు మోస్తాడు.” సారంగు ఇంజన్ గదిలోకి వెళ్లిపోయాడు. హోమియో కాకూ సీసా వెనక్కి తీసుకున్నాడు. మాశీమా శాలువా మడత పెడుతూ, “ఎవరూ కప్పుకోలేదు కదా?” అంది. “నేను కప్పుకున్నాను” అన్నాను. ఆవిడ దాన్ని ఇంకోసారి మడత పెట్టింది. మిగిలిన రెండు రోజులూ నాకు టీ ఒక్క కప్పే వచ్చింది.

గార్డు మాత్రం జాబితా ముందు ఇంకా నిలబడే ఉన్నాడు. “చనిపోయిందని రాస్తే సర్టిఫికెట్ జత చెయ్యాలి. ఉందా?” అన్నాడు. విహారయాత్రకు అది తెచ్చుకోలేదన్నాను. “అయితే రాలేదని రాస్తాను” అని, అమ్మ పేరుకు ఎదురుగా గైర్‌హాజరు అని వేసి సంతకం పెట్టమన్నాడు. అమ్మ ఇరవై ఆరేళ్లు చీకటి ఉండగానే లేచి వార్డు ఆఫీసులో హాజరు వేయించుకున్న మనిషి. జ్వరంలో వెళ్లింది, వరద నీళ్లలో వెళ్లింది. “ఇది తప్పు” అన్నాను. “ఏది తప్పు?” అన్నాడు గార్డు. “ఆవిడ ఒక్కరోజు కూడా మానలేదు. ఈ మాట కొట్టెయ్యండి.” ఆయన జాబితాను చూశాడు, నన్ను చూశాడు, కేబిన్ వైపు చూశాడు. “మరి వచ్చిందా?” అన్నాడు.

సంతకం పెట్టాను. ప్రభుత్వోద్యోగితో నేను వాదించింది జీవితంలో ఆ ఒక్కసారే. ఇప్పుడు అప్పటి నేనైన ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. నాలుగు నెలలు దాచుకున్న మాటను అంతమంది ముందు పైకి అంది. దాన్ని రాసుకునేవాడే దొరకలేదు. అయినా ఆ డెక్కు మీద ఇంకాసేపు నిలబడి, అమ్మ సర్వీసు లెక్క ఒక అడవి గార్డుకు మొదటి నుంచి వివరించింది. ఆయన పాపం విన్నాడు కూడా.