ఎర్రబడని చెయ్యి

గుంటూరులో నేను పనిచేసిన లాబ్‌కి రొయ్యపొట్టు బస్తాల్లో వచ్చేది. ఆ నీచుకి, శనివారాలు ఇంటికెళ్లే మాచర్ల పాసింజర్లో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. పెంకుల్ని కడిగి, యాసిడ్‌లో నానబెట్టి, కాస్టిక్ సోడాలో ఉడికిస్తే చివరికి వాసనలేని తెల్లటి పొడి మిగిలేది. దాన్ని కైటోసాన్ అంటారు. పుండ్లు మాన్పుతుందేమోనని మా సారు ఆశ. ముందు అది ఒంటికి హాని చెయ్యదని తేలాలి. కుందేళ్ల మీద చూడటం అయ్యాక మనుషుల వంతొచ్చింది. రొయ్యలు తింటే దద్దుర్లు లేచేవాళ్లున్నారు కదా, అందరూ వెనకాడారు. సారు ఆ పొడి అద్దిన పట్టీ తన చేతికి అంటించుకున్నాడు. తర్వాత నేను చెయ్యి చాపాను.

మా నాన్న కాలి కోసం చాపాను. నాపరాళ్ల క్వారీలో రాయి గీసుకుని పుండయింది, షుగరు మూలాన మానలేదు.

పుండున్నవాళ్లకి రొయ్యలు పెడితే చీము పడుతుందని మా వైపు గట్టి పట్టింపు. నాన్నకేమో గోంగూరలో ఎండురొయ్యలంటే ప్రాణం. అమ్మ వాటిని ఇంట్లోకే రానివ్వలేదు. అలాంటిది కూతురు రొయ్యపొట్టునే పుండుకి కడతానంటే ఆమెకి ఒళ్లు మండింది.

"ఏమే, చదివి చదివి మతి పోయిందా? తింటేనే పడదంటే పుండులో పోస్తానంటావేంది?"

నాన్న నవ్వేవాడు. "రొయ్యకి నేనంటే చానా ఇష్టమే. కూరలో రానీకపోతే కట్టులో వస్తానంటంది."

శనివారం నేను ఇల్లు చేరగానే నాన్న ముందు నా చెయ్యి అడిగేవాడు. పట్టీ తీసిన చోట ఉలి పట్టిన బొటనవేలితో నొక్కి, వెలుతురుకి తిప్పి చూసేవాడు. "ఎర్రబడలేదమ్మా. నీ చెయ్యి బాగుంటే నా కాలు బాగుపడ్డట్టే." పరీక్ష అయ్యేదాకా ఎవరికీ పెట్టకూడదని చెబితే, "అయినాకే తే" అన్నాడు. అలా ఆగడం తప్పని నేనిప్పటికీ అనను, ఎవరైనా అంటే పోట్లాడతాను. కానీ ఆ బొటనవేలి గరుకు కావాలి నాకు. ఇన్నేళ్లయినా కావాలి.

ఆఖరి పట్టీ చేతికి ఉండగానే కబురొచ్చింది. చీము పైకి పాకి నాన్న పోయాడు.

మూడోరోజు చిన్నకర్మ. పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టాలి. అమ్మ పొద్దున్నే బజారు నుంచి ఎండురొయ్యలు తెప్పించి, గోంగూరలో తనే వండింది. ఇన్నాళ్లూ వద్దన్నదంతా ఒక్కసారే పెడుతున్నట్టు విస్తరి నిండా వడ్డించింది. తర్వాత వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పట్టీ మెల్లగా ఊడదీసి, అక్కడ బొటనవేలితో నొక్కి, వెలుతురుకి తిప్పి చూసింది.

విస్తరి వైపు తిరిగి, "ఎర్రబడలేదయ్యా" అంది.